అడవి నడకలో గైడు నిర్వాకం గురించి ఫిర్యాదు

నిర్వాహకులకు,

విషయం: గత ఆదివారం రక్షిత అడవిలో మీరు ఏర్పాటు చేసిన నడక, గైడు రుసుము వాపసు

ఆర్యా,

‘స్థానిక మొక్కలు బాగా తెలిసిన గైడు, 12 మందికి మించని బృందం’ అన్న మీ ప్రకటన చూసి డబ్బు కట్టాను. తీరా వెళితే మేము 31 మందిమి. వెనకున్న వాళ్ళకు గైడు మాటలు వినపడలేదు. వినపడిన మాకు దక్కినదేమిటో చెబుతాను.

మొదటి మలుపులోనే ఆయన ఒక పొద దగ్గర ఆగి, ‘ఇది అచ్చంగా ఈ అడవి మొక్క, ఫొటోలు తీసుకోండి’ అన్నారు. పూలగుత్తి నడుమ పసుపు, అంచున గులాబి. కాండం పలకలుగా, గరుకుగా ఉంది. ఆకు నలిపితే ఘాటు వాసన. అది లాంటానా, తలంబ్రాల మొక్క. అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల నుంచి తోటల్లో అందానికని తెచ్చిపెట్టుకున్నది. పక్షులు దాని పండ్లు తిని విత్తనాలను అడవులకు చేర్చాయి. అది గుబురుగా అల్లుకున్న చోట కింద స్థానిక మొలకలకు ఎండ అందదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య నిపుణులు తయారుచేసిన 100 ప్రమాదకర ఆక్రమణ జాతుల జాబితాలో దాని పేరుంది. ఇదే ఆయనతో అంటే, ‘పువ్వు బాగుంది కదండీ’ అన్నారు. పువ్వు బాగుండబట్టే కదా అది ఇంత దూరం వచ్చింది!

తరువాత, ‘బాట దిగరాదు’ అన్న బోర్డు పక్కనుంచే మమ్మల్ని అడ్డదారిన తీసుకువెళ్ళారు. నేల తడిగా ఉంది. నా ముందు వారి బూటు లేచిన చోట రెండాకుల మొలక ఒకటి బురదలో అతుక్కుపోయి కనిపించింది. అంతమంది తొక్కితే మట్టి గట్టిపడి నీరు ఇంకదు, విత్తనం మొలవదు. రేపు వచ్చేవారికి అదే బాటలా కనిపిస్తుంది. బూట్లకు అంటిన విత్తనాలు దులుపుకోవడానికి ప్రవేశద్వారం దగ్గర బ్రష్షు పెట్టారు. సమయం లేదని దాన్నీ దాటించేశారు.

అడవి మీద నాకు ఫిర్యాదు లేదు, కాబట్టి మొత్తం సొమ్ము అడగను. గైడు పేరిట వసూలు చేసినది తిరిగి ఇవ్వండి. మొక్కలు తెలిసినవారినే పంపండి, చెప్పిన సంఖ్యకు కట్టుబడండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే, బాట తప్పించిన సంగతి ఫొటోలతో సహా ఆ అడవి అధికారులకు రాస్తాను.

మరొకటి. మీ వెబ్‌సైటులో ‘మా అడవి పువ్వు’ అని పెట్టిన బొమ్మ కూడా లాంటానాదే. ముందు దాన్ని తీసేయండి.

ఇట్లు,
ఆదివారం నడకకు వచ్చిన మీ ఖాతాదారు