సమ్మర్ ఆఫ్ కోడ్ వార్త డిసెంబరులోనే వేయండి

సంపాదకులకు నమస్కారం.

గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్, ఔట్రీచీ లాంటి ఓపెన్ సోర్స్ (కోడ్‌ను ఎవరైనా చూసి మార్చగలిగే సాఫ్ట్‌వేర్) ఇంటర్న్‌షిప్‌ల వార్త మన పత్రికల విద్యా పేజీల్లో సాధారణంగా గడువు దగ్గరపడ్డాకే కనిపిస్తోంది. అర్హత, స్టైపెండ్, చివరి తేదీ, వెబ్‌సైట్ చిరునామా, అంతే. ఉద్యోగ నోటిఫికేషన్‌కు ఆ పద్ధతి చాలు. వీటికి చాలదు. ఇక్కడ సీజీపీఏ, ఎంసెట్ ర్యాంకు ఎవరూ అడగరు. గడువుకు ముందు రెండు మూడు నెలల్లో అభ్యర్థి ఆ ప్రాజెక్టు కోడ్‌లో ఏం చేశారో, ఆ కోడ్‌ను రివ్యూ (పరిశీలన) చేసినవాళ్లతో ఎలా మాట్లాడారో చూస్తారు. మార్చి నెలాఖరున వార్త చదివి మొదలుపెట్టిన విద్యార్థికి ఆ వ్యవధి దొరకదు. దయచేసి ఈ వార్తను డిసెంబరులోనే వేయండి.

2005లో మొదలైన సమ్మర్ ఆఫ్ కోడ్‌లో పాల్గొనే సంస్థల జాబితా ఇటీవలి సంవత్సరాల్లో ఫిబ్రవరి చివర్లో వస్తోంది. మార్చి రెండో సగంలో దరఖాస్తులు తెరిచి మార్చి నెలాఖరున లేదా ఏప్రిల్ మొదట్లో మూసేస్తున్నారు. 2022 నుంచి ఇది కాలేజీ విద్యార్థులకే పరిమితం కాదు. 18 ఏళ్లు నిండి, ఓపెన్ సోర్స్‌కు కొత్తయితే ఎవరైనా రాయవచ్చు. ప్రాజెక్టులు 90, 175, 350 గంటలని మూడు పరిమాణాల్లో ఉంటాయి. ఔట్రీచీ ఏటా రెండు విడతలు. ముందు వ్యాసరూప ప్రశ్నలతో తొలి దరఖాస్తు, అది దాటినవారికి సుమారు నెల రోజుల పాటు ప్రాజెక్టులో పనిచేసే గడువు, ఆపైన తుది దరఖాస్తు. ఒక్క పనైనా నమోదు కాకపోతే తుది దరఖాస్తు పెట్టనివ్వరు. ఒకసారి సమ్మర్ ఆఫ్ కోడ్ చేసినవారు ఔట్రీచీకి అర్హులు కారు కాబట్టి ఏది ముందో ఆలోచించుకోవాలి.

ఫిబ్రవరి జాబితా కోసం ఆగనక్కర్లేదు. పాత సంవత్సరాల జాబితాలు అందరికీ కనిపిస్తాయి, వాటిలోని చాలా సంస్థలు మళ్లీ మళ్లీ వస్తాయి. డిసెంబరు సెలవుల్లో రెండు మూడు ప్రాజెక్టులు దించుకుని, సొంత లాప్‌టాప్‌లో బిల్డ్ అయ్యేది (కోడ్ నుంచి నడిచే ప్రోగ్రాంగా తయారయ్యేది) ఎంచుకోవాలి. పేరు చూసి ఎంచుకుంటే ఇక్కడే దెబ్బ తింటారు. 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు లాప్‌టాప్‌లో లిబ్రేఆఫీస్ మొదటిసారి బిల్డ్ కావడానికి గంటలు పడుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో పైపై భాగాల మీద పనిచేసేవారికి ఆర్టిఫాక్ట్ బిల్డ్ అనే సదుపాయం ఉంది, బరువైన భాగాలు ముందే కంపైల్ అయి దిగుతాయి. నెట్ నెమ్మదని గిట్ (కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం) క్లోన్‌ను, అంటే కోడ్ ప్రతిని, డెప్త్ 1తో తెచ్చుకుంటే కోడ్ చరిత్ర రాదు. ఏ లైను ఎవరు, ఎందుకు మార్చారో గిట్ బ్లేమ్‌లో చూడలేకపోతే కొత్తవారికి సగం దారి మూసుకుపోయినట్టే. దానికి బదులు ఫిల్టర్ ఆప్షన్‌తో బ్లాబ్‌లు (ఫైళ్లలోని అసలు సమాచారం) లేకుండా తెచ్చుకుంటే చరిత్ర వస్తుంది, పాత ఫైళ్లు అవసరమైనప్పుడు మాత్రమే దిగుతాయి.

తెలుగు టైపు చేసేవారికి ఒక అనుకూలత ఉంది. తెలుగు వికీపీడియా నడిచే మీడియావికీ సాఫ్ట్‌వేర్‌ను చూసే వికీమీడియా ఈ రెండు కార్యక్రమాల్లోనూ పాల్గొంటూ వచ్చింది. దాని పనుల జాబితా ఫ్యాబ్రికేటర్ అనే సైట్‌లో ఉంటుంది, కోడ్ రివ్యూ గెరిట్ అనే సైట్‌లో జరుగుతుంది. కొత్తవారి కోసం 'గుడ్ ఫస్ట్ టాస్క్' అని గుర్తు పెట్టిన పనులుంటాయి. అక్షరక్రమం తప్పడం, వెతుకులాటలో పదం దొరక్కపోవడం, ఒత్తులు విడిపోవడం వంటి లోపాలు ఇంగ్లిష్‌లో మాత్రమే పరీక్షించేవారి కంట పడవు. మనవాళ్ల కంట పడతాయి.

తొలి ప్యాచ్ (ప్రాజెక్టుకు పంపే కోడ్ మార్పు) చిన్నదైనా ఫరవాలేదు గానీ నిజమైనదై ఉండాలి. రీడ్‌మీ అనే పరిచయ ఫైల్లో కామా మార్చి పంపే అలవాటు వల్ల 2020లో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే ఓపెన్ సోర్స్ కార్యక్రమం సమయంలో మెయింటైనర్లు (ప్రాజెక్టును నిర్వహించేవారు) విసిగిపోయారు. ఆ మచ్చ ఇంకా పోలేదు. ఏదీ మార్చకముందే ప్రాజెక్టులోని టెస్టులన్నీ ఒకసారి నడిపి ఫలితం రాసిపెట్టుకోవాలి. లేకపోతే తర్వాత ఒక టెస్ట్ తప్పితే, తప్పు మనదో ముందు నుంచీ ఉన్నదో తేలదు. ఇంకో తరచు పొరపాటు: మార్చింది రెండు లైన్లు, ప్యాచ్‌లో మాత్రం 600 లైన్లు మారినట్టు కనిపిస్తుంది. విండోస్‌లో ఎడిటర్ ప్రతి లైను చివర సీఆర్‌ఎల్‌ఎఫ్ (విండోస్ తరహా లైను ముగింపు గుర్తు) పెట్టి ఉంటుంది, లేదా సేవ్ చేయగానే ఫార్మాటర్ ఫైలంతా తిరగరాసి ఉంటుంది. పంపేముందు మార్పులు చూపే గిట్ డిఫ్‌ను, ఖాళీల తేడాలను వదిలేసే డబ్ల్యూ (-w) ఆప్షన్‌తో నడపండి. ఆ రెండు లైన్లే మిగిలితే తేడా ఖాళీలదో లైను చివరలదో అన్నమాట. వీఎస్ కోడ్‌లో కింద కుడివైపు సీఆర్‌ఎల్‌ఎఫ్ అని కనిపించేచోట నొక్కి ఎల్‌ఎఫ్ చేస్తే లైను చివరలు సరిపోతాయి. ఇలాంటి ప్యాచ్‌ను చాలామంది మెయింటైనర్లు చదవను కూడా చదవరు. ఆరు వందల లైన్లలో అసలు మార్పును వెతికే తీరిక వాళ్లకుండదు.

మాటతీరు విషయంలో మన పిల్లల దగ్గర ఎక్కువగా కనిపించేది 'సర్, ఈ ఇష్యూ (నమోదైన సమస్య) నాకు అసైన్ చేయండి' అనే వ్యాఖ్య. ఒకే ఇష్యూ కింద పదిమంది ఇదే రాస్తారు, ఒక్కరూ కోడ్ పంపరు. అడగడం మాని, సమస్య తమ దగ్గర ఎలా పునరావృతమైందో రాయాలి: ఏ వెర్షన్, ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఏం నొక్కితే ఏం వచ్చింది, ఏ ఫైల్లో కారణం ఉందనిపిస్తోంది. అది రాసినవారికి పని తనంతట అదే దక్కుతుంది. ప్రశ్నలు మెంటర్‌కు (అభ్యర్థికి దారి చూపే ప్రాజెక్టు సభ్యుడికి) విడిగా పంపకుండా అందరికీ కనిపించే చానల్‌లో అడగాలి, మెంటర్ సెలవులో ఉంటే ఇంకొకరు చెబుతారు. రివ్యూలో మార్పులు కోరితే అదే బ్రాంచ్‌లో సరిచేసి పంపాలి. పాతది మూసి కొత్త పుల్ రిక్వెస్ట్ (మార్పును కలుపుకోమనే అభ్యర్థన) తెరిస్తే అప్పటిదాకా జరిగిన చర్చ తెగిపోతుంది.

ఇక ప్రపోజల్, అంటే ఏ పని ఎలా చేస్తారో చెప్పే దరఖాస్తు పత్రం. దీని ప్రాణం వారాలవారీ ప్రణాళికలో ఉంటుంది. సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టికల) ఫైళ్లు చదివే భాగాన్ని మెరుగుపరిచే ప్రాజెక్టు అనుకుందాం. చాలామంది రాసేది ఇది: '3, 4 వారాలు: పార్సర్ అభివృద్ధి. 5, 6 వారాలు: టెస్టింగ్. 7వ వారం: డాక్యుమెంటేషన్.' ఇది లోకంలోని ఏ ప్రాజెక్టుకైనా అతుకుతుంది, అంటే కోడ్ చదవలేదని ఒప్పుకున్నట్టే. రాయాల్సింది ఇలా: '3వ వారం: కోట్స్ మధ్య వచ్చే కామాలను, కొత్త లైన్లను సరిగా చదివేలా టోకెనైజర్ మార్పు. ఇప్పుడు ఫలానా ఫంక్షన్ ముందే లైన్లుగా విడగొడుతోంది కాబట్టి అవి విరిగిపోతున్నాయి. ఫలానా రెండు ఇష్యూల్లోని నమూనా ఫైళ్లతో టెస్టులు. శుక్రవారానికి ఒక పుల్ రిక్వెస్ట్.' టెస్టులు ఏ వారం పనితో ఆ వారమే రావాలి, చివరికి నెట్టకూడదు. 175 గంటలను 12 వారాలకు పంచితే వారానికి సుమారు 15 గంటలు, 350 అయితే 29. రివ్యూకు రోజులు పడతాయి కాబట్టి మధ్యంతర మూల్యాంకనానికి ముందు ఒక వారం ఖాళీగా ఉంచాలి.

సెమిస్టర్ పరీక్షల తేదీలు దాచకూడదు. మే, జూన్‌లలో పరీక్షలుంటే ఆ రోజుల్లో తక్కువ గంటలని, తర్వాత ఎలా పూడుస్తారో ప్రపోజల్లోనే రాయాలి. ఔట్రీచీలో తొలి దరఖాస్తులోనే కాలేజీ తేదీలు అడుగుతారు, ఖాళీ రోజులు చాలకపోతే అక్కడే ఆగిపోతుంది. పాఠశాల మార్కులు, సర్టిఫికెట్ల చిట్టా మాత్రం తీసేయండి, ఆ చోటులో మర్జ్ అయిన (ప్రాజెక్టులో కలిసిన) ప్యాచ్‌ల లింకులు పెట్టండి. ఏఐతో రాసిన కోడ్ విషయంలో ప్రతి సంస్థ నిబంధన వేరు, జెంటూ అనే లినక్స్ ప్రాజెక్టు 2024లోనే దాన్ని నిషేధించింది. ప్రపోజల్ మొత్తం ఏఐతో రాయించినవారు మెంటర్ అడిగే రెండో ప్రశ్న దగ్గరే దొరికిపోతారు.

ముసాయిదాను గడువుకు కనీసం పది రోజుల ముందు మెంటర్లకు చూపాలి. ఆఖరి రెండు రోజుల్లో పంపితే చదివేవారుండరు. ఎంతమందిని తీసుకోవాలన్నది మెంటర్ల సంఖ్యను బట్టి ఉంటుంది కాబట్టి మంచి ప్రపోజల్ కూడా కొన్నిసార్లు మిగిలిపోతుంది. అందుకే వేరే సంస్థకు రెండోది కూడా సిద్ధం చేసుకోవడం మంచిది, మూడోదానికి మాత్రం న్యాయం చేయడం కష్టం. దరఖాస్తుకు ఎక్కడా రుసుము లేదు. సమ్మర్ ఆఫ్ కోడ్ గడువు సాధారణంగా 18:00 యూటీసీ, అంటే మనకు రాత్రి 11:30. గడువు ముగిసేదాకా పీడీఎఫ్‌ను మార్చుకోవచ్చు కనుక, ఒక ప్రతిని ముందురోజే ఎక్కించి పెట్టుకోవాలి.

— ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పనిచేసే కొందరు ఇంజినీర్లు, విజయవాడ