కార్డు తీసేసిన కంప్యూటర్ కారణం కూడా చెప్పాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

పాలనలో కృత్రిమ మేధ వాడకం గురించి ఈ మధ్య మీ పత్రికలో వస్తున్న వ్యాసాలు వదలకుండా చదువుతున్నాను. ముప్పై ఒక్కేళ్లు ప్రభుత్వ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. మా ఊళ్లో ఎవరికి అర్జీ రాయించుకోవాలన్నా ఇప్పుడు మా ఇంటి అరుగు మీదికే వస్తారు. అక్కడ కూర్చుని నేను చూస్తున్నది ఆ వ్యాసాల్లో ఎక్కడా కనపడలేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

"సారూ, మా పేరు మీద కారున్నదట. మా ఇంట్ల సైకిలు గూడ లేదు. ఎవలకు జెప్పాలె?" అని నా దగ్గర చదువుకున్న ఒక పిల్లవాడి తల్లి వచ్చి అడిగింది. రేషన్ కార్డు కోసం మీసేవకు పోతే అక్కడి అబ్బాయి తెర మీద చూసి, మీకు కారుందని చూపించి రిజెక్ట్ అని వస్తోందన్నాడు. ఆఫీసుకు పోతే "మా చేతుల్లో ఏం లేదమ్మా, సిస్టమే తీసేసింది" అన్నారు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చిన కాగితం తిరిగి తిరిగి అదే ఆఫీసుకు చేరింది. అది ఏ కారు, దాని నంబరెంత, ఎవరి పేరున ఉంది అని రాసిన కాగితం ఒక్కటీ ఆమె చేతికి రాలేదు. ఉన్నదాన్ని చూపించమంటే చూపించొచ్చు. తనకు లేని కారు లేదని ఆమె దేనితో రుజువు చేయాలి?

ఇది మా ఊరికొక్కదానికే వచ్చిన బాధ అయితే మీకు రాసేవాణ్ణి కాదు. తెలంగాణ ప్రభుత్వం కొన్నేళ్లుగా 'సమగ్ర వేదిక' అనే వ్యవస్థను వాడుతోంది. వాహనాలు, భూములు, ఇళ్లు, కరెంటు కనెక్షన్లు, ఇలా వేర్వేరు శాఖల దగ్గరున్న వివరాలన్నీ కలిపి, ఇవన్నీ ఫలానా మనిషివేనని సాఫ్ట్‌వేరే తేలుస్తుంది. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన ఒకాయన కుటుంబానికి కారు ఉందని రేషన్ ఆగింది. ఆ కారు ఆయన పేరును పోలిన పేరున్న మరో మనిషిది. ఆ ఇంటివాళ్లు కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

రెండు శాఖల్లో కనిపించే రెండు పేర్లు ఒకరివా, ఇద్దరివా అని లెక్కగట్టడమే ఆ సాఫ్ట్‌వేర్ పని. వినడానికి తేలికే. మన పేర్ల సంగతి తెలిసినవాళ్లకు మాత్రం అందులోని కష్టం తెలుస్తుంది. ఒకే లక్ష్మి ఇంగ్లిషులో ఒక కార్డు మీద ఒక రకంగా, పాసు పుస్తకంలో ఇంకో రకంగా ఉంటుంది. ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, మరో కాగితంలో వెనక, ఇంకోచోట ఒట్టి పొడి అక్షరం. ఆడవాళ్లకు పెళ్లికి ముందు కాగితాల్లో తండ్రి పేరు, తర్వాతవాటిలో భర్త పేరు. ఊరికి పదిమంది యాదగిరులు, పదిమంది సైదులు.

పుట్టిన తేదీ మరీ కష్టం. పిల్లల్ని బడిలో వేసేటప్పుడు తేదీ తెలియదని తల్లిదండ్రులంటే, జూన్‌లో ఒక తేదీ వేసి అడ్మిషన్ రిజిస్టర్‌లో రాసుకునేవాళ్లం. నా చేత్తో నింపిన రిజిస్టర్‌లో ఒక ఏడాది ఒకే తరగతిలో తొమ్మిదిమంది పిల్లలు ఒకే రోజున పుట్టినట్టుంది. ఆ తేదీలే టీసీల్లోకి, టీసీల నుంచి ఆధార్‌లోకి వెళ్లాయి. పేరు ఒకటే, పుట్టిన తేదీ ఒకటే, మండలం ఒకటే. మనుషులు మాత్రం ఇద్దరు. ఊళ్లోవాళ్లకు ఈ తేడా ముఖం చూస్తే తెలుస్తుంది. కంప్యూటర్‌కు మేం రాసిచ్చిన అక్షరాలే ఆధారం. ఆ అక్షరాలు రాసినవాళ్లలో నేనూ ఒకణ్ణి కాబట్టి ఈ అర్జీలు రాస్తున్నప్పుడల్లా మనసులో గుచ్చుకుంటుంది.

రాష్ట్రంలో దాదాపు 19 లక్షల కార్డులు కంప్యూటర్ లెక్కల మీద రద్దయ్యాయన్న వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. క్షేత్రస్థాయిలో మళ్లీ విచారించమని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. అప్పుడు వచ్చిన దరఖాస్తుల్లో మొదట పరిశీలించిన 2 లక్షల పైచిలుకులోనే 15 వేలకు పైగా కుటుంబాలు అర్హులని తేలాయి. నూటికి ఏడే కదా అనేవాళ్లున్నారు. ఆ ఏడు ఇళ్లలో ఒక ఇంటి లెక్క చెబుతాను. ఇప్పుడు మనిషికి నెలకు 6 కిలోల సన్న బియ్యం. నలుగురున్న ఇంటికి 24 కిలోలు. బయట కిలో యాభై రూపాయలకే దొరికిందనుకున్నా నెలకు పన్నెండు వందలు. కూలి పని దొరకని నెలలో ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తారు? కార్డు పోతే పోయేది బియ్యం ఒక్కటే కూడా కాదు. ఆసుపత్రికి పోయినా ముందు అడిగేది ఆ కార్డే. 2025లో కొత్త కార్డులు ఇవ్వడం మొదలయ్యాక చాలామందికి వచ్చాయి, సంతోషం. నడుమ గడిచిన ఏళ్లలో అందని బియ్యం మాట ఎవరూ ఎత్తడం లేదు.

నేను సాంకేతికతకు అడ్డం పడే మనిషిని కాను. 2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి 175 మంది వేరుశనగ రైతుల ఫోన్లకు ఎప్పుడు విత్తాలో తెలుగులో మెసేజ్‌లు పంపాయి. దిగుబడి దాదాపు 30 శాతం పెరిగిందని ఇక్రిశాట్ ప్రకటించింది. ఖమ్మం జిల్లాలో మిరప రైతులకు 'సాగు బాగు' అనే కార్యక్రమం కింద ఇలాంటి సాయమే అందింది. ఎండలు, వానలు ఎప్పుడేమవుతాయో తెలియని ఈ కాలంలో మెట్ట రైతుకు అంతకంటే ఏం కావాలి? కానీ ఆ మెసేజ్ చూసిన రైతు ఆకాశం చూస్తాడు, నేలలో వేలు పెట్టి తడి చూస్తాడు, నాన్ననో పక్క చేను ఆయన్నో అడుగుతాడు, ఆ తర్వాతే గొర్రు కడతాడు. చివరి మాట అతనిదే. రేషన్ కార్డు దగ్గర చివరి మాట సాఫ్ట్‌వేర్‌ది అయిపోయింది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి 'స్మార్ట్ పాలన' అని రాయడం న్యాయం కాదని నా అభిప్రాయం.

ఐక్యరాజ్యసమితి 2015లో పెట్టుకున్న 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాల గడువు 2030. అందులో రెండోది ఆకలి లేకుండా చేయడం. పదహారోదానిలో జవాబుదారీగా, పారదర్శకంగా ఉండే ప్రభుత్వ సంస్థల మాట ఉంది. ఎన్ని సేవలు ఫోన్‌లోకి వచ్చాయి, ఎన్ని బోగస్ కార్డులు పోయాయి అనే లెక్కలు పత్రికల్లో వస్తాయి. పొరపాటున పోయిన నిజమైన కార్డులెన్ని అన్న లెక్క కూడా ఏటా పక్కనే రావాలి.

ఇందుకు కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కర్లేదు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(డి) ప్రకారం పరిపాలనా నిర్ణయానికి కారణాన్ని బాధితులకు చెప్పాలి. 2013 నాటి ఆహార భద్రత చట్టం సెక్షన్ 15 ప్రకారం జిల్లాకొక ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి. సెక్షన్ 8 ప్రకారం రావలసిన ధాన్యం అందకపోతే భత్యం ఇవ్వాలి. నేను ఇన్ని అర్జీలు రాశాను, ఆ భత్యం అందుకున్న మనిషిని ఒక్కరినీ చూడలేదు. సమగ్ర వేదిక ఎలా పనిచేస్తుందో చెప్పమని విలేకరులు సమాచార హక్కు కింద అడిగితే, ఆ సాఫ్ట్‌వేర్ మీద హక్కులు తయారు చేసిన కంపెనీవని చెప్పి ఇవ్వలేదు. పేదల అన్నం విషయంలో ఆ జవాబును ఒప్పుకోలేం.

మన దగ్గరే ఒక మంచి దారి ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2006 నుంచి ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీలు జరిగాయి. 2009లో దానికోసమే ఒక సొసైటీ పెట్టారు. ఊరి పిల్లలే మస్టర్ రోళ్లు, అంటే కూలీల హాజరు పట్టీలు చేతబట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. గ్రామసభలో పేర్లు చదివారు. ఆ తర్వాత మండలంలో అధికారుల ముందు ప్రజావేదిక. నేను కూర్చున్న ఒక సభలో, చనిపోయి రెండేళ్లయిన మనిషి చెరువు పని చేసినట్టు రాసుందని ఆయన భార్యే లేచి చెప్పింది. ఏ సాఫ్ట్‌వేర్ పట్టుకోలేని తప్పును ఆమె ఒక్క మాటతో పట్టుకుంది. రేషన్ పంపిణీకి కూడా సామాజిక తనిఖీ చేయాలని ఆహార భద్రత చట్టం సెక్షన్ 28 చెబుతూనే ఉంది.

కాబట్టి ప్రభుత్వానికి మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. కార్డు తీయాలని సాఫ్ట్‌వేర్ చూపించిన జాబితాను తుది నిర్ణయంగా తీసుకోకుండా ముందు గ్రామసభలో చదివించండి. ఫలానా శాఖ రికార్డులో, ఫలానా నంబరు బండి మీ పేరున ఉందని తెలుగులో రాసి చేతికివ్వండి. నెల రోజులు గడువిచ్చి, తేలేదాకా బియ్యం ఆపకండి. తప్పని తేలితే సరిదిద్దే పని ఆ రెండు పేర్లనూ కలిపిన శాఖే చేయాలి, పేదవాణ్ణి ఆఫీసుల చుట్టూ తిప్పకూడదు. ఆమ్‌స్టర్‌డామ్, హెల్సింకి నగరాలు తాము పాలనలో వాడే ఇలాంటి కంప్యూటర్ పద్ధతుల రిజిస్టర్‌ను 2020లోనే ప్రజల ముందు పెట్టాయి. మన గ్రామ పంచాయతీ గోడ మీద అలాంటిది తెలుగులో ఎందుకు ఉండకూడదు? ఆ ఆమ్‌స్టర్‌డామ్ ఉన్న నెదర్లాండ్స్‌లోనే పిల్లల సంరక్షణ భత్యం తీసుకున్న వేల కుటుంబాల మీద తప్పుడు మోసం ముద్ర వేసిన వ్యవహారంలో 2021 జనవరిలో ప్రభుత్వం రాజీనామా చేసింది. అక్కడ దాన్ని అంత పెద్ద తప్పుగా లెక్కగట్టారు.

పైన చెప్పిన ఆ తల్లి మూడో అర్జీ నా దగ్గర తయారుగా ఉంది. ఈసారి అందులో సమాచార హక్కు సెక్షన్ నంబరు కూడా రాశాను. వచ్చే సోమవారం ఆమెతో పాటు నేనూ కలెక్టరేట్‌కు వెళ్తున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నల్లగొండ జిల్లా