అప్పీలుకు వెళ్లే ముందు

చిరంజీవి అమ్మలుకు,
నాన్న ఆశీస్సులు.

నీ పేటెంట్ దరఖాస్తును కాదంటూ అమెరికా పేటెంట్ ఆఫీసు అప్పీళ్ల బోర్డు ఇచ్చిన తీర్పు, నువ్వు పంపినది, పూర్తిగా చదివాను. నీ కోపం న్యాయమైనదే, కానీ కోర్టులో అది అక్కరకు రాదు.

ఇంజిన్‌లో ఇంధనాన్ని రవ్వతో అంటించే స్పార్క్ ప్లగ్‌నే సెన్సర్‌గా వాడటం పాత సంగతి. రవ్వ ఆరగానే ప్లగ్ కొసల మధ్య కొద్దిపాటి వోల్టేజీ ఉంచితే, మండే వాయువులోని అయాన్ల (విద్యుదావేశం ఉన్న కణాల) వల్ల సన్నని కరెంటు పారుతుంది. నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండి ఇంజిన్ టకటకలాడటం) ఉంటే ఆ కరెంటు గ్రాఫు గీత మీద చిన్న చిన్న అలలు లేస్తాయి. సాబ్ కార్లలో 1990లలోనే ఇది ఉంది. అందుకే ‘నాది కొత్తది’ అని పదే పదే వాదించకు. నీది కొత్తది కాదని బోర్డూ అనలేదు. రెండు పాత పత్రాలను కలిపితే ఈ రంగం తెలిసినవాడికి ఇట్టే తట్టేదే అంది.

నీకు పట్టు దొరికేది అక్కడే. మొదటి పత్రంలో రవ్వ ఆరాకే కొలత. రెండోదాంట్లో ఇంజిన్ ఒక్క చక్రంలోనే రవ్వ మళ్లీ మళ్లీ పుడుతుంది. రవ్వ ఉన్నంతసేపూ, దాన్ని పుట్టించే కాయిల్ కరెంటు అయాన్ల కరెంటును మింగేస్తుంది కదా! ఉన్నవి ఉన్నట్టు కలిపితే మొదటి పద్ధతే చెడుతుంది. నువ్వు విప్పిన చిక్కు అదే తల్లీ. దాని గురించి తీర్పులో ఒక్క ముక్క లేదు, కలపవచ్చని మాత్రం రాశారు.

2007 నాటి కేఎస్‌ఆర్ కేసును నీ మీద ప్రయోగిస్తారు. కారు పాత యాక్సిలరేటర్ పెడల్‌కు ఎలక్ట్రానిక్ సెన్సర్ తగిలించడంలో గొప్పేమీ లేదని అమెరికా సుప్రీంకోర్టు తేల్చిన కేసు అది. అయితే ఎందుకు కలుపుతారో విడమరిచి చూపాలన్నదీ ఆ తీర్పే. దాన్ని గట్టిగా పట్టుకో.

కలపడానికి కారణం ఉందా లేదా అన్నది వాస్తవాల కిందికి వస్తుంది. అలాంటి విషయాల్లో బోర్డు మాటకు తగినంత ఆధారం ఉంటే, పేటెంట్ అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు దాన్ని కదిలించదు. కొత్త సాక్ష్యమూ తీసుకోదు. నీ ఇంజిన్ పరీక్షల కొలతలు బోర్డు ముందున్న రికార్డులో ఉన్నాయా? లేకపోతే వర్జీనియాలోని ఫెడరల్ జిల్లా కోర్టులో దావా వేసే దారి ఉంది, అక్కడ కొత్త సాక్ష్యం చెల్లుతుంది. ఖర్చు మాత్రం ఎక్కువ. పైగా ఒక దారి ఎంచుకుంటే రెండోది మూసుకుపోతుంది. గడువు తీర్పు తేదీ నుంచి 63 రోజులే.

ఈ వారమే లాయరుతో కూర్చో. వాదన ముసాయిదా తయారవగానే పంపు, కాయిల్ గురించి రాసిన భాగం నేను ఒక్కో వాక్యం సరిచూస్తాను.

మీ నాన్న