తిరిగి వచ్చేదానికీ తిరిగి రానిదానికీ మీ మెషీన్‌లో ఒకటే డిలీటా?

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: మీ గేమ్ కన్సోల్‌లో స్టోరేజ్ చూపించే పద్ధతి గురించి, దానివల్ల మా అమ్మాయి సేవ్ డేటా (ఆటలో అంతవరకూ చేసినదంతా దాచుకునే ఫైలు) పోవడం గురించి ఫిర్యాదు.

నమస్కారమండి.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. పద్దెనిమిదేళ్లుగా పెళ్లి వీడియోలు తీస్తున్నాను. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, స్టోరేజ్ అంటే ఏంటో వివరిస్తూ మీ వాళ్ల దగ్గర నుంచి ఇప్పటికే రెండు ఈమెయిళ్లు వచ్చాయి, రెండిట్లోనూ ఒకటే మేటరు, కింద సంతకం చేసిన పేరు ఒక్కటే మారింది. మెమరీ కార్డులు, హార్డ్ డిస్కులతోనే నా బతుకండి. కాబట్టి ఈ ఉత్తరం చివరిదాకా చదివి, చదివినవాళ్లే జవాబు రాయండి.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. మొన్న దసరాకి మీ కన్సోల్ కొనిచ్చాను, యాభై వేల పైచిలుకు అయింది. పెట్టె మీద 1 టీబీ అని పెద్దక్షరాల్లో ఉంది. ఇంటికొచ్చి ఆన్ చేసి స్టోరేజ్ పేజీ తెరిస్తే 850 జీబీ కూడా చూపించలేదు. ఇందులో కొంత లెక్క నాకు తెలుసు. డిస్కు తయారుచేసేవాళ్లు టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు అంటారు, అదే సరుకుని 1024 చొప్పున భాగించుకుంటూ పోతే 931 వస్తుంది. ఈ గందరగోళం పోవాలని 1998లోనే అంతర్జాతీయ ప్రమాణాల వాళ్లు 1024 లెక్కకి గిబీబైట్, టెబీబైట్ అని వేరే పేర్లు పెట్టారు, కానీ షాపులో ఆ పేర్లు ఎవరి నోటా వినపడవు. మిగిలిన కోత మీ సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌ది. దానికీ చోటు కావాలి కదా, కాదనను. కానీ ఆ సంగతి పెట్టె మీద ఎందుకు రాయరు? మా గోదావరి జిల్లాల్లో ధాన్యం బస్తా అంటే 75 కేజీలు. మిల్లులో ఆడిస్తే ఊక, తవుడు, నూక పోగా యాభై కేజీల బియ్యం వస్తే వచ్చినట్టు. ఆ తరుగు సంగతి రైతుకీ తెలుసు, మిల్లరుకీ తెలుసు, బడికెళ్లే పిల్లలక్కూడా తెలుసు, అయినా ధాన్యం బస్తా మీద బియ్యం 75 కేజీలు అని రాసి అమ్మే వ్యాపారిని నేను ఇంతవరకూ చూడలేదు. మీరు అమ్మేటప్పుడు ధాన్యం లెక్క చెబుతున్నారు, మేం వాడుకునేటప్పుడు బియ్యం లెక్క చూసుకుంటున్నాం.

అయినా అంతవరకే అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదు. అసలు సంగతి భోగి ముందు రోజు రాత్రిది.

హైదరాబాద్ నుంచి మా చెల్లి పిల్లలు పండక్కి వచ్చారు. "మావయ్యా, ఫుట్‌బాల్ గేమ్ పెట్టవా" అని ఒకటే గోల. పెడితే అప్‌డేట్ అడిగింది, 40 జీబీ. ఖాళీ 52 ఉంది. సరిపోతుంది కదా అని నొక్కితే స్థలం చాలదు అంది. ఎంత కావాలో చెప్పలేదు, ఖాళీ చేసుకోమంది అంతే. తర్వాత కనుక్కుంటే తెలిసిందేంటంటే, పాత ఫైళ్ల పక్కన కొత్తవి పేర్చుకుని, అన్నీ సరిగ్గా ఉన్నాయని చూసుకున్నాకే పాతవి తీస్తుందట, అందుకని అప్‌డేట్ సైజు కన్నా ఎక్కువ ఖాళీ కావాలట. మంచి పద్ధతే అండి, మధ్యలో కరెంటు పోయినా గేమ్ పాడవదు. మా ఊళ్లో కరెంటు పోతుంది కూడా. కానీ ఎన్ని జీబీలు ఖాళీ చేయాలో ఆ అంకె మెషీన్‌కి తెలుసు కదా, అదొక్కటీ స్క్రీన్ మీద వేయడానికి ఏం అడ్డం వచ్చింది?

వెనక పిల్లలు తొందరపెడుతున్నారు. స్టోరేజ్ పేజీలోకి వెళ్లాను. అంతా ఇంగ్లీషే, తెలుగు ఎక్కడా లేదు. గేముల లిస్టులో కనపడ్డ బొమ్మలే సేవ్డ్ డేటా అనే లిస్టులోనూ మళ్లీ కనపడ్డాయి. పాత డెమో గేములు తీసేసినప్పుడు మిగిలిపోయిన చెత్త కాబోలు అనుకున్నాను. సెలెక్ట్ ఆల్ కొట్టి డిలీట్ నొక్కాను. నొక్కింది నేనే, కాదనడం లేదు. అంతకు రెండు నిమిషాల ముందు ఒక పాత రేసింగ్ గేమ్ డిలీట్ చేసినప్పుడు ఏ మాట అడిగిందో, ఇప్పుడూ అదే మాట అడిగింది, అదే రంగు, అదే బటన్. ఓకే కొట్టాను. ఖాళీ అయిన చోటు ఎంతో తెలుసా? మొత్తం కలిపి ఒక జీబీ కూడా లేదు.

ఆ జీబీ లోపల ఏముందో చెబుతాను, ఎందుకంటే మీ ఈమెయిల్లో దాన్ని "గేమ్ ప్రోగ్రెస్" అని రెండు ముక్కల్లో తేల్చేశారు.

మా అమ్మాయి ఆడేది బ్లాకులు పేర్చి కట్టుకునే ఆట. స్కూలు వాళ్లు ఒకసారి దవళేశ్వరం తీసుకెళ్లి ఆనకట్ట చూపించారు, అప్పటినుంచి దానికి ఆ బ్యారేజీ పిచ్చి పట్టుకుంది. దసరా నుంచి సంక్రాంతి దాకా రోజూ హోంవర్క్ అయ్యాక ఒక గంట కూర్చుని కాటన్ బ్యారేజీ కట్టింది. గోదావరిని నాలుగు పాయలుగా తీసింది, మధ్యలో లంకలు పెట్టింది, డెల్టా కాలువకి లాకులు పెట్టింది, గట్టు వెంబడి వరసగా కొబ్బరిచెట్లు నాటింది, లాకుల పక్కన మా తాతయ్య చెప్పిన పాత పడవల రేవు కూడా కట్టింది. గేట్లు ఉజ్జాయింపుగా పెట్టేస్తే దానికి నచ్చదు. ఏ పాయకి ఎన్ని గేట్లో నోట్‌బుక్‌లో రాసుకుంది: విజ్జేశ్వరం 39, మద్దూరు 23, ర్యాలి 43, దవళేశ్వరం 70, మొత్తం 175. ఒక్కో గేటు కట్టగానే పెన్సిలుతో ఒక గీత, అయిదో గీత అడ్డంగా. మూడు పాయలూ అయిపోయాయి, దవళేశ్వరం వైపు 18 గేట్లయ్యాయి. పండగలోగా అన్నీ పూర్తిచేసి అత్తకి చూపిస్తానంది. భోగి రోజు పొద్దున్నే లేచి ఆట తెరిస్తే న్యూ గేమ్ అని వచ్చింది. అరవలేదు, ఏడవలేదు. నోట్‌బుక్ తెచ్చి 18 దగ్గర ఉన్న గీతలు నాకు చూపించి, "ఇవన్నీ ఎక్కడున్నాయి నాన్నా" అని అడిగింది. మీ కంపెనీ తరఫున నేను చెప్పగలిగిన జవాబు ఏదీ లేదండి.

నా పనిలో ఒక నియమం ఉంది. పెళ్లి ఫుటేజీ రెండు డిస్కుల్లోకి చేరాకే కార్డు ఫార్మాట్ చేస్తాను. ఎడిటింగ్ చేసేటప్పుడు తయారయ్యే ప్రివ్యూ ఫైళ్లు మాత్రం ఎన్ని జీబీలున్నా చూడకుండా తీసేస్తాను, కావాలంటే సిస్టమ్ మళ్లీ తయారుచేసుకుంటుంది. తాళి కట్టేటప్పటి క్లిప్పు చిన్నదే అవ్వచ్చు, కానీ అది పోతే ఆ పెళ్లి మళ్లీ చేయించలేం కదా. నేను వాడే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ రెండూ తుడవడానికి వేరే వేరే చోట్లకి వెళ్లాలి. మీ కన్సోల్‌లో కూడా సరిగ్గా ఇలాంటివే రెండు ఉన్నాయి. 90 జీబీ గేమ్ పోయినా మళ్లీ దించుకోవచ్చు, మా 30 ఎంబీపీఎస్ లైనుకి ఆరున్నర గంటలకి పైగా పడుతుంది, పోనీ రాత్రి పెట్టి పడుకుంటాం. కొన్ని ఎంబీల సేవ్ ఫైలు పోతే ఎన్ని గంటలు పెట్టినా ఎక్కణ్నుంచీ దిగదు. ఈ రెండిటికీ ఒకటే డిలీట్, ఒకటే హెచ్చరిక పెట్టినవాళ్లు ఇలాంటిది ఎవరింట్లోనూ జరగదని ఎలా అనుకున్నారు?

ఇంకో సంగతి తర్వాత బయటపడింది, ఇది ఇంకా బాధగా ఉంది. పిల్లలు ఆటలో ఏదైనా సాధించినప్పుడల్లా మీ కన్సోల్ దానంతటదే వీడియో క్లిప్పులు రికార్డు చేసుకుంటోంది. అలా పోగైనవి 38 జీబీ. వాటిని ఎవరూ ఒక్కసారి కూడా చూడలేదు. ఆ రాత్రి స్థలం చాలదు అన్నప్పుడు "ఈ క్లిప్పులు 38 జీబీ ఉన్నాయి, ముందు ఇవి తీయండి" అని ఒక్క లైను వచ్చి ఉంటే 52కి 38 కలిసి 90 అయ్యేది, అప్‌డేట్ దిగేది, పాప ఆనకట్ట ఉండేది.

బ్యాకప్ ఎందుకు పెట్టుకోలేదని మీ వాళ్లు అడిగారు. నా దగ్గర పెన్ డ్రైవులు పాతిక ఉన్నాయి, 2 టీబీ హార్డ్ డిస్కు కూడా కన్సోల్‌కే తగిలించాను. తగిలించినప్పుడు ఇందులో ఉన్నదంతా పోతుంది అని ఎర్రగా హెచ్చరించారు, అది బాగుంది, అలాంటిదే సేవ్ డేటాకీ పెట్టమంటున్నాను. ఆ డిస్కులో కొత్త గేములు దాచుకోవచ్చు కానీ అందులోనుంచి ఆడలేం. కన్సోల్ లోపలి డిస్కు (ఎస్ఎస్‌డీ) స్పీడు బయట తగిలించే యూఎస్‌బీ డిస్కుకి రాదు, అదీ ఒప్పుకుంటాను, వెనక్కి కాపీ చేసుకుంటే పావుగంటలో అయిపోతుంది, డౌన్‌లోడ్ కన్నా ఎంతో నయం. కానీ సేవ్ ఫైలు? కొత్త గేముల సేవ్ డేటా పెన్ డ్రైవులోకి తీసుకునే దారే లేదు. క్లౌడ్‌లో, అంటే మీ సర్వర్లలో దాచాలంటే డబ్బు కట్టే సబ్‌స్క్రిప్షన్ కావాలి. "సబ్‌స్క్రిప్షన్ తీసుకుని ఉంటే రికవర్ అయ్యేది" అని మీ రెండో ఈమెయిల్. మా అమ్మాయి కట్టుకున్నది, మేం కొన్న మెషీన్‌లోంచి, ఒక కాపీ తీసి దాచుకోవడానికి ప్రతి నెలా ఎందుకు డబ్బు కట్టాలండి?

నాకు కావాల్సింది ఇది. మొదట, మీ సర్వర్లలోగానీ కన్సోల్‌లోగానీ ఆ సేవ్ ఫైలు వెనక్కి తెచ్చే అవకాశం ఏమైనా ఉందేమో మీ టెక్నికల్ వాళ్లు నిజంగా చూసి చెప్పాలి. మెషీన్ ఎక్కడికి తెమ్మంటే అక్కడికి నేనే తెస్తాను, భోగి రోజు తర్వాత దాన్ని మళ్లీ ఆన్ కూడా చేయలేదు. రెండోది, సేవ్ డేటా తీసేటప్పుడు వేరే హెచ్చరిక రావాలి, ఎన్ని గంటలు ఆడిన ఆటో, ఇది తిరిగి రాదనీ అందులో ఉండాలి, సెలెక్ట్ ఆల్ ఆ లిస్టులోంచి తీసేయాలి. పెన్ డ్రైవు బ్యాకప్ ఉచితంగా ఇవ్వాలి. అప్‌డేట్‌కి ఎంత ఖాళీ కావాలో అంకె వేయాలి, పెట్టె మీద వాడుకోవడానికి మిగిలేది ఎంతో రాయాలి. తెలుగు మెనూ ఇవ్వమని కూడా అడుగుతున్నాను, నాకోసం కాదు, ఇంట్లో పిల్లలకి ఆ రిమోట్ ఇచ్చి చూసుకునే అమ్మమ్మల కోసం, తాతయ్యల కోసం.

పదిహేను రోజులు చూస్తాను. జవాబు రాకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయిస్తాను, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే చోటే వేయచ్చు, మీ ఆఫీసు ఏ నగరంలో ఉన్నా సరే.

బిల్లు కాపీ, మీ రెండు ఈమెయిళ్లు, స్టోరేజ్ పేజీకి ఫోన్‌లో తీసిన ఫొటోలు జత చేస్తున్నాను. పాప నోట్‌బుక్‌లో గేట్ల లెక్క రాసుకున్న పేజీ ఫొటో కూడా పెట్టాను. దవళేశ్వరం కింద 18 గీతలున్నాయి, మిగతా 52కి చోటు వదిలి ఉంచింది.

ఇట్లు,
మీ కస్టమర్,
పాలకొల్లు మండలం, పశ్చిమ గోదావరి జిల్లా