షాపు అమ్మలేదు, రిపేరు చేయిస్తున్నాం

కస్టమర్లందరికీ నమస్తే. బొల్లారం బజార్ మూల మీదున్న మన కిరాణా షాపు ఏదో బిల్డర్‌కి వెళ్లిపోయిందని బస్తీలో ఒకటే మాట. ఒక్కొక్కరికీ చెప్పలేక ఇక్కడ రాస్తున్నా. అమ్మలేదు. అమ్మే ఆలోచనే రాలేదా అంటే, వచ్చింది. బిల్డింగ్‌లో మా చిన్నాన్న పిల్లలకూ వాటా ఉంది, ఇంట్లో మాటలు గట్టిగానే నడిచాయి. పైగా మన సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో (మిలిటరీ ఏరియాలో) చాలా పాత కట్టడాల్లాగే మాదీ ఓల్డ్ గ్రాంట్. గోడలు, కప్పు మావి, కింద నేల సర్కారుది. కూల్చి అంతస్తులు లేపుదామన్నా అంత తేలిగ్గా అయ్యే పని కాదు. కాబట్టి పాత కట్టడాన్ని కాపాడుతున్నారని మమ్మల్ని మరీ పొగడకండి.

ఇక పని సంగతి. షాపులో నిలబడి తల పైకెత్తితే వరసగా ఇనప గర్డర్లు, రెండేసి గర్డర్ల మధ్య ఇటుకతో కట్టిన కమాను కనిపిస్తాయి. జాక్ ఆర్చ్ కప్పు అంటారు. పసుపు బస్తాల పైనున్న గర్డర్ మీద సున్నం గీకితే ‘డార్మన్ లాంగ్, మిడిల్స్‌బరో, ఇంగ్లండ్’ అన్న అచ్చు బయటపడింది. అంత బరువు ఓడెక్కి, రైలెక్కి ఇక్కడిదాకా వచ్చిందన్నమాట. అది చూసి ‘ఇంగ్లిష్ వాళ్లు కట్టిన బంగ్లా’ అనేస్తున్నారు కొందరు. ఆ కంపెనీ గర్డర్లు అప్పట్లో దేశమంతా వాడేవాళ్లు. ఇది మొదట్నుంచీ కిరాణా దుకాణమే, పైన కాపురం.

పై వరండా నుంచి నీళ్లు దిగి రెండు గర్డర్ల అడుగుభాగం తుప్పు పట్టింది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది, అది ఉబ్బి పక్క ఇటుకను తోస్తుంది. మొన్న చింతపండు డబ్బా మీద పెచ్చు రాలింది అందుకే. నాన్న హయాంలో గోడలకు సిమెంటు పూత వేయించారు, అప్పట్లో అందరూ చేసిందే. సున్నం గోడ తడి పీల్చినా మళ్లీ వదిలేస్తుంది. దాని మీద సిమెంటు కప్పితే తడి లోపలే ఉండిపోతుంది. ఉప్పు బస్తాల వైపు గోడ ఎండాకాలంలో కూడా చెమ్మగా ఉండటం మీరూ చూసే ఉంటారు. ఇప్పుడు ఆ సిమెంటు కొట్టించేసి డంగు సున్నం వేయిస్తున్నాం. సున్నం, ఇసుక, ఇటుక పొడి, అందులోకి బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు. గాలి తగిలి మెల్లమెల్లగా గట్టిపడే సరుకు ఇది, సిమెంటులా తొందరపెడితే కుదరదు. వానలు మొదలయ్యేలోపు అవుతుందా లేదా అన్నదే నా టెన్షన్.

సామాన్లు జరిపేటప్పుడు పాత గల్లాపెట్టె బయటికి తీశాం. అందులో రెండు అరలెందుకని పిల్లలు అడుగుతున్నారు. తాత కాలంలో ఇక్కడ రెండు రకాల రూపాయలు నడిచేవి. బ్యారక్‌ల నుంచి వచ్చే సిపాయి చేతిలో కల్దార్, అంటే బ్రిటిష్ ఇండియా రూపాయి. మేడ్చల్ వైపు నుంచి బండి కట్టుకొచ్చే రైతు చేతిలో నిజాం హాలీ సిక్కా. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. ఈ లెక్క తాత నోటితోనే కట్టేవాడట. నేను క్యాలిక్యులేటర్ లేకుండా ఒక్కటి కూడా కట్టలేను. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. మరుసటి ఏడాది అక్టోబరులో కిలోల తూకం మొదలైంది. 1959తో హాలీ చెల్లుబాటు పూర్తిగా పోయింది. ఆ రెండు మూడేళ్లూ గల్లా దగ్గర రోజూ గొడవేనని నానమ్మ చెప్పేది. ‘అణాకు ఎంత వచ్చేది, ఇప్పుడెంత ఇస్తున్నావ్’ అని పావుశేరు రాయి పట్టుకుని ఆడవాళ్లు నిలదీసేవారట. ఆ శేరు రాళ్లు అటక మీద భద్రంగా ఉన్నాయి. అమ్మం. వాటితో తూచి అమ్మడానికీ ఇప్పుడు చట్టం ఒప్పుకోదు!

మూల గుమ్మానికి పలక తలుపులే (విడి పలకలు వరసగా పెట్టి మూసేవి) ఉంటాయి, షట్టర్ పెట్టడం లేదు. పలకల మీద తెలుగు అంకెలు చెక్కి ఉంటాయి, ఆరో దాని మీద మాత్రం ఉర్దూ అంకె. పాతది చెదలు తింటే కొత్తది చేసిన వడ్రంగి తనకు వచ్చిన అంకె వేశాడు. వరస తప్పితే చివరి పలక పట్టదు, పనికి కొత్తగా చేరిన కుర్రాళ్లందరికీ అదే మొదటి పరీక్ష. తక్కెడ ముందు షాబాద్ బండ నిలబడీ నిలబడీ గుంటపడింది, దాన్నీ మార్చడం లేదు. పెద్దవాళ్లు జారకుండా అంచు మాత్రం గరుకు చేయిస్తాం.

2023 నుంచి రాష్ట్రపతి నిలయం ఏడాది పొడవునా చూడనిస్తున్నారు కదా, ఆదివారాల్లో అటు వెళ్లేవాళ్లు మన గుమ్మం దగ్గరా ఆగి ఫొటోలు దిగుతున్నారు. కేఫ్ పెట్టమని సలహా ఇచ్చినవాళ్లకు థాంక్స్. మాకు కందిపప్పు అమ్మడం వచ్చు, అదే చేస్తాం.

పని జరిగినన్నాళ్లు షాపు పక్క గల్లీలోని గోదాంలో నడుస్తుంది. పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా, మళ్లీ సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా. పిండి గిర్నీ ఆపేస్తున్నాం, సున్నం దుమ్ములో గోధుమలు పట్టడం బాగుండదు. విడిగా అమ్మే పప్పులు, బియ్యం రేట్లు ఈ ఖర్చు పేరు చెప్పి పెంచం. కానీ ఇంటికి ఫ్రీగా పంపడం కొన్నాళ్లు కుదరదు, కుర్రాళ్లిద్దరూ సామాన్లు మోసే పనిలో ఉన్నారు. మెట్లు దిగలేని పెద్దవాళ్లు ఫోన్ చేస్తే నేనే తెచ్చిస్తా.

చివరగా, ఖాతా ఉన్నవాళ్లు ఈసారి కాస్త ముందే సర్దితే మేస్త్రీ కూలీకి పనికొస్తుంది. అడగడానికి మొహమాటంగానే ఉంది, అయినా అడుగుతున్నా. చేతిలో నిజంగా లేనివాళ్లు కంగారుపడకండి, దసరా దాకా ఆగుతా.