చెరువు కోసం నిలబడ్డ అందరికీ శనార్థులు

పోయిన దసరాకు మా చెరువు ఉంటుందో పోతుందో తెలియదు. ఈ దసరాకు చెరువు ఉంది, అలుగు దుంకింది, సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్లు నీళ్లలో దిగి బతుకమ్మను సాగనంపారు. హైదరాబాద్ శివారులో మిగిలిన ఒక చిన్న చెరువు గురించి ఇంత చెప్పుకోవాలా అంటే చెప్పుకోవాలి. ఈ ఏడాదంతా ఎవరెవరో వచ్చి తలా ఒక చెయ్యి వేశారు. పేరుపేరునా రాద్దామనుకున్నాను గానీ చాలామంది వద్దన్నారు (ఊర్లో ఉండాలి కదా). అందుకే పేర్లు లేకుండా, చేసిన పనిని బట్టి చెబుతున్నాను. ఎవరి గురించో వాళ్లకు తెలుస్తుంది.

అందరికన్నా ముందు నీరటి తాతకు. తూము తీసి మూసే పని వాళ్లింట్లో తాతల నాటి నుంచి ఉంది. ఇప్పుడు ఆయకట్టు లేదు, పొలాలన్నీ ప్లాట్లయ్యాయి, తాతకు నీళ్లు వదిలే పనీ పోయింది. కానీ అలుగు ఎంత ఎత్తు ఉండేదో ఆయనకు గుర్తుంది. మా కథంతా దాని మీదే నడిచింది. చెరువు హద్దు ఏదని ఆఫీసులో అడిగితే ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్) అంటారు. చెరువు నిండి అలుగు మీదుగా నీళ్లు పోయే సమయానికి నీరు ఎంత దూరం పరుచుకుంటుందో అంతా చెరువే. అంటే హద్దు మొత్తం అలుగు ఎత్తును బట్టి ఉంటుంది. చెరువు వెనకవైపు నేల దాదాపు చదును కాబట్టి, అలుగును రెండు అడుగులు కొట్టేస్తే చాలు, ఎకరాలకు ఎకరాలు బయటపడతాయి. తర్వాత సర్వేకు వచ్చినవాళ్లకు అక్కడ పొడి నేలే కనిపిస్తుంది. "ఇక్కడిదాకా నీళ్లే రావు సార్" అని చెప్పేవాళ్లు కూడా పక్కనే రెడీగా ఉంటారు. మా దగ్గర జరిగింది ఇదే. కొట్టింది ఎవరో ఇక్కడ రాయను.

జాయింట్ సర్వే రోజు తాత చేతికర్ర పట్టుకుని కట్ట దిగి, అలుగు పక్క గోడ మీద నీళ్లు ఆగి ఆగి పడిన తెల్లటి చారను చూపించాడు. ఆ చార ఇప్పుడున్న అలుగుకు చాలా పైన ఉంది. తర్వాత కిందకు వంగి, విరిగిన రాళ్లను తట్టాడు. పాత రాయి పైన పాచి పట్టి నల్లగా ఉంది, విరిగినచోట మాత్రం లోపలి రాయి గులాబీ రంగులో ఇంకా మెరుస్తోంది. "ఇది మొన్న మొన్న పగిలింది బిడ్డా. ఆ పక్కది మా నాయిన నాటిది" అన్నాడు. సర్వేయర్ గారు వంగి చూసి, ఇంకో మాట లేకుండా తన మనిషితో కొలత కర్రను ఆ చార దగ్గర పెట్టించారు. ఆ గంటసేపట్లో ఆయన ఫోన్ ఎన్నిసార్లు మోగిందో చూసినవాళ్లం. సార్, మీరు ఫోన్ తియ్యనందుకు మా ఊరంతా మీకు రుణపడి ఉంది.

కాగితాల సంగతి రిటైరయిన వీఆర్వో సార్ చూసుకున్నారు. మేమైతే "చెరువు వివరాలన్నీ ఇవ్వగలరు" అని ఆర్టీఐ పెట్టేవాళ్లం, "సమాచారం అందుబాటులో లేదు" అని జవాబు వచ్చేది. ఆయన చెప్పింది ఒక్కటే: ఏ సర్వే నంబరు, ఏ రికార్డు, ఏ సంవత్సరం, మూడూ రాయాలి. సేత్వార్ (తొలి సర్వే నాటి భూముల రికార్డు), గ్రామ నక్షా (ఊరి పటం), 1954-55 నాటి ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిదో, ఎవరి సాగులో ఉందో రాసిన రికార్డు). పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు, ఇవ్వకపోతే మొదటి అప్పీలు. ఆ కాగితాలు చేతికొచ్చాక ఇంజనీరింగ్ చదివే మన పిల్లలిద్దరు నక్షాను గూగుల్ ఎర్త్ పాత ఫొటోల మీద అతికించి, ఏ ఏడు నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో రంగులతో చూపించారు. తాత చూపించిన చార ఎత్తును బట్టి వచ్చిన హద్దు, పిల్లల మ్యాపులోని హద్దు పక్కపక్కన పెడితే కొన్ని అడుగుల తేడా కూడా లేదు. పిల్లలకు అప్పుడు సెమిస్టర్ పరీక్షలు. తల్లిదండ్రులకు మా తరఫున సారీ, థాంక్స్ రెండూ.

ఇక శిఖం (చెరువు లోపల నీళ్లు నిలిచే భూమి) పట్టా రైతులు. వీళ్ల గురించి బయట ఎవరూ మాట్లాడరు, అందుకే నేను కొంచెం ఎక్కువ మాట్లాడతాను. శిఖం భూమిలో పట్టా ఉన్నా నీళ్లు తగ్గినప్పుడు పంట వేసుకోవడం వరకే హక్కు, మట్టి పోయడానికీ ఇల్లు కట్టడానికీ లేదు. మన శివారులో ఎకరం ఎంత పలుకుతుందో అందరికీ తెలుసు. చెరువు చెరువు కాదని తేలితే రాత్రికి రాత్రి కోటీశ్వరులయ్యేవాళ్లు వీళ్లే. అలాంటిది "అది నీళ్లు నిలిచే భూమే, మేం ఎండాకాలంలో దోసకాయలే పండించుకున్నాం" అని సంతకం పెట్టిన కుటుంబాలు ఉన్నాయి. ఆందోళన చేసిన మాకు పోయిందేమీ లేదు, ఆదివారాలు తప్ప. వాళ్లు వదులుకున్నది వేరే లెక్క. వాళ్లకు నష్టపరిహారం గురించి ఎవరైనా ఆలోచించాలని నా ఉద్దేశం. దీని మీద మన గ్రూపులోనే గొడవ ఉంది, ఉండనీయండి.

రాత్రిళ్లు టిప్పర్లలో మొరం, కూల్చిన ఇళ్ల మట్టి తెచ్చి చెరువులో పోస్తున్నప్పుడు వాటి నంబర్లు రాసింది కట్ట పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అన్న, వదిన. పాల లెక్క రాసుకునే పుస్తకంలోనే ఒక పక్క అర లీటరు, లీటరు, ఇంకో పక్క టిప్పర్ నంబరు, టైము. ఫిర్యాదుకు ఆ పుస్తకం జిరాక్సే జత చేశాం. వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం 2002 నుంచి ఉంది, చెరువు పూడ్చడం నేరమని అందరికీ తెలుసు. ఎవరు, ఎప్పుడు, ఏ బండిలో అని ఇంత వివరంగా చెప్పినవాళ్లు మాత్రం అప్పటిదాకా లేరు. వదినా, ఆ పుస్తకం జాగ్రత్త.

ఫీజు తీసుకోని లాయర్ మేడంకు నమస్కారాలు. పర్యావరణ కేసులు వినే గ్రీన్ ట్రిబ్యునల్ అంటే ఢిల్లీ వెళ్లాలేమో, లక్షలు కావాలేమో అని భయపడ్డాం. మనకు చెన్నై బెంచి ఉందని, దరఖాస్తు ఫీజు వెయ్యి రూపాయలేనని, విచారణలు వీడియోలో కూడా జరుగుతాయని, కాకపోతే నష్టం మొదలైన ఆరు నెలల్లోపు వెళ్లాలని ఆమే చెప్పారు. పిటిషన్ మొత్తం తయారుచేసి, దానికి ముందు నోటీసు పంపారు. ఆ నోటీసుతోనే టిప్పర్లు ఆగాయి. పిటిషన్ ఇంకా ఆమె బీరువాలోనే ఉంది. అక్కడే ఉండాలని కట్టమైసమ్మకు మొక్కుకున్నాం.

కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణికి వచ్చిన మహిళా సంఘం అక్కలు మా ఫైలు కదిలించారు. మేం ఎఫ్‌టీఎల్, బఫర్ అని పదాలు వల్లిస్తుంటే, ఒక అక్క ముందుకెళ్లి "సారూ, చెరువు లేకపోతే మా బతుకమ్మను డ్రైనేజీల వెయ్యాల్నా?" అని అడిగింది. హాల్లో నవ్వారు, తర్వాత ఎవరూ నవ్వలేదు. సర్వే తేదీ ఆ రోజే ఖరారైంది.

చేపల సొసైటీ వాళ్లకూ, డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ మేడంకూ కలిపి చెప్పాలి. ఏటా తొలకరి వానకు పైనుంచి మురుగు కొట్టుకొచ్చి, తెల్లారేసరికి రవ్వలు, బొచ్చెలు వెల్లకిలా తేలేవి. "వేడికి చచ్చాయి" అనేవాళ్లు. ఈసారి సొసైటీ వాళ్లు వాన పడ్డ రాత్రే తెప్ప వేసుకుని వెళ్లి సీసాల్లో నీళ్లు పట్టారు, మేడం అక్కడికక్కడే మందు కలిపి ల్యాబ్‌కు తీసుకెళ్లారు. చేపలు బతకాలంటే లీటరు నీళ్లలో కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండాలి. మురుగు కలిసే మూలలో అందులో సగం కూడా లేదు. ఆ కాగితం చూపించాకే ఒక పెద్ద పైపులైన్‌ను మళ్లించారు. ఇంకోటి మిగిలి ఉంది.

కింది కాలనీల అసోసియేషన్లకు ప్రత్యేకంగా. 2020 అక్టోబర్ వానలకు అప్పా చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి ఏమైందో నగరమంతా చూసింది. పై చెరువు అలుగు నీళ్లు కాలువ పట్టుకుని కింది చెరువుకు పోవాలి, గొలుసుకట్టు అంటే అదే. కాలువ మూసేస్తే ఆ నీళ్లు దారి వెతుక్కుంటూ మన సెల్లార్లకే వస్తాయి. ఇది చూసినవాళ్లు కాబట్టే కాలువ పూడిక తీయించడానికి జేసీబీ ఖర్చు వాళ్లే పెట్టుకున్నారు.

గుర్రపుడెక్క పీకిన కుర్రాళ్లకు, మట్టి వినాయకుణ్ని పెట్టి డ్రమ్ములో నిమజ్జనం చేసిన ఇళ్లకు, డాలస్ నుంచి డబ్బు పంపి పైసా పైసాకు లెక్క అడిగిన మన ఊరి పిల్లలకు (మంచిదే, అడగండి) కూడా దండాలు. సెల్ఫీ దిగి వెళ్లిపోయిన నాయకులకు కూడా ఒక దండం. మీరొచ్చిన రోజు రోడ్డు ఊడ్చారు.

చెరువు హద్దుల ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చింది, అభ్యంతరాలు విన్నాక తుది నోటిఫికేషన్ రావాలి. అలుగు పాత ఎత్తుకు కట్టడానికి అంచనాలు వేశారు, పని మొదలుకాలేదు. ఈ వానాకాలం ఇసుక బస్తాలు పేర్చి నీళ్లు ఆపాం, వాటి మీదుగానే దుంకింది. అభ్యంతరాల గడువు దగ్గర పడుతోంది కాబట్టి ఎవరి ఇంట్లోనైనా పాత శిస్తు రసీదులు, చెరువు కనిపించే పెళ్లి ఫొటోలు, తైబందీ (చెరువు నీళ్లు ఏ పొలాలకు వదలాలో రాసిన) కాగితాలు ఉంటే వీఆర్వో సార్‌కు జిరాక్సులు ఇవ్వండి. ఒరిజినల్ మాత్రం ఎవరు అడిగినా, నేనే వచ్చి అడిగినా, ఇవ్వొద్దు.