నీటి అడుగున ఫొటోకి ముందు కొనాల్సింది వెలుగు

సంపాదకులకు నమస్కారం.

వానలు వెనకపట్టి అక్టోబరు వచ్చిందంటే పర్యాటక పేజీల నిండా అండమాన్ ప్యాకేజీలే. టికెట్లు, హోటళ్లు, స్వరాజ్ ద్వీప్‌కి పడవ ఎప్పుడు అన్నీ రాస్తారు. స్కూబా నేర్చుకుని ఫొటోలు తీయాలనుకునేవాళ్లు ఏం కొనాలో తెలుగులో చెప్పేవాళ్లు అరుదు. దాంతో ఉన్న డబ్బంతా ఒక మంచి కెమెరాకి పోసి, నీలంగా మసకబారిన ఫొటోలతో తిరిగొస్తున్నారు. ఆ కెమెరాలో లోపం లేదు. డబ్బు పెట్టిన చోటే తప్పు.

నీరు అన్నిటికంటే ముందు ఎరుపుని మింగేస్తుంది. 5 మీటర్లు దిగేసరికి ఎరుపు చాలావరకు పోతుంది, ఇంకొంచెం దిగితే నారింజ, ఆ తర్వాత పసుపు. 18 మీటర్ల దగ్గర వేలు తెగితే రక్తం ఆకుపచ్చగా కనబడుతుంది. అక్కడ లేని రంగుని ఎంత ఖరీదైన కెమెరా అయినా పుట్టించలేదు. ఆ రంగుని మనమే వెంట తీసుకెళ్లాలి, స్ట్రోబ్ అనే బయటి ఫ్లాష్ ఉన్నది అందుకే. కాబట్టి చేతిలో ఉన్న సొమ్ములో కెమెరాకి నలభై శాతం మించి పెట్టొద్దని నా గట్టి సలహా. మిగతాది హౌసింగ్‌కి (కెమెరాకి నీరు తగలకుండా మూసి ఉంచే పెట్టె), ఒక స్ట్రోబ్‌కి, దాన్ని బిగించే ట్రే (అడుగు పలక), ఆర్మ్ (పక్కకి చాచే కడ్డీ), కెమెరాతో కలిపే ఫైబర్ కేబుల్‌కి కావాలి. ఈ చిన్న సామానుని లెక్కలో వేసుకోక, స్ట్రోబ్ కొన్నాక దాన్ని తగిలించే దారి లేక ఆగిపోయేవాళ్లే ఎక్కువ.

మొదటి కెమెరాగా ఒలింపస్ టఫ్ టీజీ-6 గానీ, 2023లో వచ్చిన ఓఎం సిస్టమ్ టీజీ-7 గానీ సరిపోతాయి. టీజీ-7 అమెరికాలో సుమారు 550 డాలర్లకి విడుదలైంది. హౌసింగ్ లేకుండానే ఇవి 15 మీటర్ల వరకు నీటిని ఆపుతాయి. పీటీ-059 హౌసింగ్‌లో పెడితే 45 మీటర్లు. అంటే హౌసింగ్‌లోకి నాలుగు చుక్కలు దిగినా కెమెరా బతికే అవకాశం ఎక్కువ, కొత్తవాళ్లకి ఇదే పెద్ద ధీమా. ఇక వీటి మైక్రోస్కోప్ మోడ్ వస్తువుకి ఒక్క సెంటీమీటరు దూరం నుంచే ఫోకస్ చేస్తుంది. చిటికెన వేలి గోరంత ఉండే నూడీబ్రాంక్ (గుల్ల లేని సముద్రపు నత్త) కొమ్ముల మీది గీతలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. కానీ అంత దగ్గరికి వెళ్తే హౌసింగ్ నీడ దాని మీదే పడి స్ట్రోబ్ వెలుగు చేరదు. కొంచెం జూమ్ చేసి జానెడులో సగం దూరం వెనక్కి రండి, వెలుగుకి సందు దొరుకుతుంది. వీటికున్న లోటు కూడా చెప్పాలి. షట్టర్ వేగం, అంటే లోపలికి ఎంతసేపు వెలుగు రావాలన్నది, మన చేతిలో ఉండదు. వెనకాల నీళ్లు ఎంత ముదురు నీలంగా రావాలో మనమే నిర్ణయించాలంటే కష్టం.

ఆ పట్టు కావాలంటే పాత సోనీ ఆర్ఎక్స్100 శ్రేణి చూడండి, సెన్సర్ కూడా బాగా పెద్దది. అందులో ఒక్కో తరానికి ఒళ్లు కొంచెం కొంచెం మారింది కాబట్టి హౌసింగ్ సరిగ్గా మీ మోడల్‌కే చేసినదై ఉండాలి. ముందు హౌసింగ్, దాని తలుపు సందులో నీరు దూరకుండా ఆపే ఓ-రింగులు దొరుకుతున్నాయో లేదో తేల్చుకుని, ఆ తర్వాతే కెమెరా బేరం ఆడండి. సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు లోపలి ఫ్లాష్ వెలుగుతోందా అన్నది తప్పకుండా చూడాలి. ఆ మెరుపే ఫైబర్ కేబుల్ గుండా వెళ్లి బయటి స్ట్రోబ్‌ని పేలుస్తుంది. అది చచ్చిపోయిన కెమెరా ఎంత చవగ్గా వచ్చినా ఈ పనికి రాదు. గోప్రోకి అసలు ఫ్లాషే లేదు, స్ట్రోబ్‌తో జత కుదరదు. వీడియోకే అయితే అది మంచిదే.

స్ట్రోబ్ ఒక్కటి చాలు. రెండోది రెండేళ్లాగి కొనవచ్చు. ఇనాన్ ఎస్-220 లాంటి చిన్నది, నాలుగు పెన్సిల్ సెల్స్‌తో నడిచేది, మొదటికి సరైనది. చవగ్గా వస్తుందని వీడియో లైటు కొని దాంతోనే ఫొటోలు లాగుదామంటే కుదరదు. పగటిపూట పైనుంచి దిగే ఎండ ముందు ఆ వెలుగు వెలవెలబోతుంది. స్ట్రోబ్ తన వెలుగంతా సెకనులో వెయ్యో వంతు ప్రాంతంలో ఒక్కసారిగా కుమ్మరిస్తుంది, అందుకే చేప కదలికా ఆగుతుంది, రంగూ వస్తుంది.

కొన్నవాళ్లలో చాలామంది తడబడేది ప్రీ-ఫ్లాష్ దగ్గర. చాలా కాంపాక్ట్ కెమెరాలు అసలు ఫ్లాష్‌కి ముందు వెలుగు కొలుచుకోవడానికి చిన్న మెరుపు ఒకటి వదులుతాయి. స్ట్రోబ్ దానికే పేలిపోతే, షట్టర్ తెరుచుకునే వేళకి దాని దగ్గర ఏమీ మిగలదు. కళ్లెదుట స్ట్రోబ్ మెరిసిందే, ఫొటో మాత్రం చీకటి. స్ట్రోబ్ పాడైందని దుకాణానికి తిరిగి పంపేవాళ్లూ ఉన్నారు. స్ట్రోబ్ మీద ప్రీ-ఫ్లాష్ సెట్టింగు మారిస్తే సరిపోతుంది. ఇంట్లో దీపాలు ఆర్పేసి, ఎర్రటి గుడ్డ ఒకటి ఎదురుగా పెట్టి ఇరవై ఫొటోలు తీసి చూసుకోండి. నీళ్లలో ఈ లెక్కలు తేలవు.

వెలుగు ఏ పక్క నుంచి రావాలన్నది ఆ తర్వాతి మాట. లెన్స్ పక్కనే ఉన్న ఫ్లాష్, లెన్స్‌కీ చేపకీ మధ్య తేలే నలుసులన్నిటినీ వెలిగిస్తుంది. ఫొటో మీద మంచు కురిసినట్టు తెల్ల చుక్కలు పడేది ఇందుకే. నీరు అంత తేటగా లేని రోజున విశాఖ తీరంలో ఇది మరీ ఎక్కువ. లోపలి ఫ్లాష్ వెలుగు కేబుల్‌లోకి తప్ప ముందుకి పోకుండా నల్ల టేపుతో మూసేయండి. స్ట్రోబ్‌ని ఆర్మ్ మీద పక్కకి చాచి, దాని ముఖం హౌసింగ్ అద్దం కంటే ఒక మెట్టు వెనక ఉండేలా, కొంచెం బయటికి తిప్పి పెట్టండి. చేపని తాకేది వెలుగు అంచు మాత్రమే, మధ్యలోని నీళ్లు చీకటిగా ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యం దగ్గరికి వెళ్లడం. మీటరు దాటితే చిన్న స్ట్రోబ్ చేయగలిగింది తక్కువ, ఎందుకంటే వెలుగు వెళ్లేటప్పుడూ తిరిగొచ్చేటప్పుడూ ఎరుపు కరిగిపోతూనే ఉంటుంది.

సెల్స్ విషయంలో పొదుపు వద్దు. మామూలు ఆల్కలైన్‌వి వాడితే రెండు ఫ్లాష్‌ల మధ్య ఆలస్యం పెరుగుతూ పోతుంది. ఎనెలూప్ వంటి రీచార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ రెండు సెట్లు కొని, ఏ సెట్టుని ఆ సెట్టుగానే ఛార్జ్ చేసుకోండి. కొత్తవీ పాతవీ కలపకండి. విమానంలో విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి.

ఇక ఓ-రింగ్. లక్ష రూపాయల సామానుని కాపాడేది ఆ రబ్బరు చుట్టే. దాన్ని వేలితో నొక్కి ఉబికిన చోట పట్టి లాగాలి గానీ పిన్నుతోనో కత్తితోనో కాదు. టార్చి వెలుగులో గాడి చూడండి. ఒక వెంట్రుక, ఒక ఇసుక రేణువు చాలు నీరు దూరడానికి. గ్రీజు రబ్బరు మెరిసేంత పల్చగా ఉంటే చాలు. దళసరిగా పూస్తే భద్రత పెరుగుతుందనుకోవడం పొరపాటు, అది ఇసుకని పట్టి ఉంచుతుంది. గ్రీజు కూడా ఆ కంపెనీ చెప్పినదే వాడండి, సరిపడనిది కొన్ని రబ్బర్లని ఉబ్బిస్తుంది. కొత్త హౌసింగ్‌ని మొదటి డైవ్‌లో కెమెరా పెట్టకుండా, లోపల టిష్యూ కాగితం ఉంచి తీసుకెళ్లండి. కాగితం పొడిగా తిరిగొస్తేనే కెమెరా. ఆ తర్వాత కూడా ప్రతి డైవ్‌లో మొదటి మీటరు దగ్గర ఒక క్షణం ఆగి చూడాలి. లోతుకి వెళ్లేకొద్దీ నీటి ఒత్తిడే తలుపుని బిగిస్తుంది, పైనే కారే అవకాశం ఎక్కువ. అంటుకుని ఉన్న బుడగలు ఫర్వాలేదు, వరసగా పైకి వస్తుంటే వెంటనే వెనక్కి రండి. లోతులో ఉండగా నీరు దూరినా కంగారుపడి పైకి దూసుకురావద్దు. కెమెరా పోతే పోతుంది, పైకొచ్చే ముందు కాసేపు ఆగే సేఫ్టీ స్టాప్ వదలకూడదు.

హౌసింగ్‌ని తేమ గాలిలో మూస్తే లోపలి ఆవిరి చల్లటి నీళ్లలో అద్దానికి పడుతుంది. ఏసీ గదిలో, సిలికా జెల్ పొట్లం వేసి మూయండి. పైకొచ్చాక అరగంట మంచినీళ్లలో నానబెట్టి ప్రతి బటన్నీ నొక్కాలి. లేదంటే ఉప్పు గట్టిపడి బటన్లు పట్టేస్తాయి.

డైవింగ్ నేర్పేవారికి ఒక విన్నపం. రెండు చేతులతో కెమెరా పట్టుకున్న కొత్త డైవర్, నిలకడ కోసం పగడాల మీద మోకాలు ఆనిస్తాడు. దశాబ్దాలుగా పెరిగిన కొమ్మ పుటుక్కున విరుగుతుంది. మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పగడాలకి, సముద్ర గుర్రాలకి మొదటి షెడ్యూల్ రక్షణ ఇచ్చింది. కెమెరా లేకుండా ఖాళీ ట్రే, ఆర్మ్ మాత్రమే చేతికిచ్చి ఒకటి రెండు డైవ్‌లు చేయించండి. చేతులు వాడకుండా, ఊపిరితోనే అడుగుకి అరమీటరు ఎత్తున నిలబడగలిగినవారికే కెమెరా అద్దెకివ్వండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, విశాఖపట్నం